మామయ్య మద్రాసు, అత్తయ్య బస్సు నంబర్లు

మా మామయ్య లెక్కలో మద్రాసు మనదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు పెద్దలెవరో చేతకాక వదిలేసి వచ్చారు గానీ, పాత దస్తావేజులు తిరగేస్తే ఇప్పటికైనా మన చేతికి వస్తుందన్నట్టు మాట్లాడేవాడు. ఆయన జార్జిటౌన్‌లో ఒక తెలుగు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. కాపురం వెస్ట్ మాంబళంలో. మాది కావలి. బడికి వేసవి సెలవులు ఇచ్చారంటే చాలు, మా అమ్మ నన్ను తెలిసిన వాళ్ళెవరికో అప్పజెప్పి మద్రాసు రైలెక్కించేది. 1980 మొదలు నా ఇంటర్ అయ్యేదాకా ఎండాకాలాలన్నీ అక్కడే.

గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ. తడ దాటితే ఆరంబాకం, అక్కణ్ణించి స్టేషన్ బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి. పొన్నేరి, మీంజూరు, ఎన్నూరు దాకా పరుగులు పెట్టిన బండి బేసిన్ బ్రిడ్జి దగ్గరికి వచ్చి చతికిలబడేది. సెంట్రల్ ఇదిగో అంటే ఇదిగో. జనమంతా సామాన్లు దించుకుని తలుపుల దగ్గర నిలబడి చెమటలు కక్కుతుంటారు, బండి మాత్రం కదలదు. మద్రాసుకి రైల్లో వెళ్ళిన ఏ నెల్లూరు జిల్లా మనిషిని అడిగినా బేసిన్ బ్రిడ్జి పేరు చెప్పగానే ఒక తిట్టు వస్తుంది.

సెంట్రల్లో దిగి, రోడ్డు దాటి పార్క్ స్టేషన్లో ఎలక్ట్రిక్ ట్రైన్ ఎక్కితే ఎగ్మోర్, చేట్‌పట్, నుంగంబాకం, కోడంబాకం, మాంబళం. అది అప్పట్లో మీటర్ గేజ్. చిన్న పెట్టెలు, అడుగడుగునా స్టేషన్లు. బీచ్ నుంచి తాంబరం దాకా 1931లోనే కరెంటు రైలు వేశారని మామయ్య చెప్పేవాడు. అది మాత్రం మనవాళ్ళ ఖాతాలో వేసుకోలేదు, ఇంగ్లీషు వాళ్ళకే వదిలేశాడు.

అత్తయ్య పుట్టింది చాకలిపేటలో. ఆ చాకలిపేట, తండయారుపేట, కొరుక్కుపేట వైపు ఇప్పటికీ ఇళ్ళల్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు బోలెడు. ఆవిడ తెలుగులో అరవం, అరవంలో తెలుగు కలిసిపోయి ఉండేవి. మామయ్య 'మద్రాసు మనదే' పురాణం ఎత్తుకున్నప్పుడల్లా చేస్తున్న పని ఆపకుండా ఒకటే మాట అనేది.

"ఇక్కడే పుట్టి పెరిగిన దాన్ని, నాదని నేనే ఎప్పుడూ అన్లేదు. కావలి నుంచి వచ్చిన మీదెట్లా అవుతుందండీ?"

మామయ్య పద్ధతి రోజుకో పేట. సెలవు రోజున పొద్దున్నే ఇడ్లీలు తిని బయల్దేరితే మళ్ళీ రాత్రికే. "అబ్బయా, రెండు పేటలు ఒక్కరోజు చూడగూడదు, కలిసిపోతాయి" అనేవాడు. అత్తయ్యకి అలాంటి నియమాలేం లేవు. ఏ పేటకి ఏ బస్సు, ఎక్కడ ఏది చవక, ఎక్కడ నీడ ఉంటుంది, అంతే.

టీనగర్ మాకు పక్కనే. దొరైసామి సబ్‌వే దూరితే అవతల తేలతాం. మామయ్యకి అది ఊరు కాదు, మన పెద్దల పేర్ల జాబితా. త్యాగరాయనగర్ అంటే జస్టిస్ పార్టీ పిట్టి త్యాగరాయ చెట్టి. పానగల్ పార్కు అంటే పానగల్ రాజా, అసలు పేరు పానగంటి రామరాయణింగారు, కాళహస్తి ఆయన, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రి. జి.ఎన్. చెట్టి రోడ్డు అంటే గోపతి నారాయణస్వామి చెట్టి. వెంకటనారాయణ రోడ్డులో తిరుమల తిరుపతి దేవస్థానం వారి గుడి. ఒక్కో మలుపు దగ్గరా ఆగి నాచేత ఒప్పచెప్పించేవాడు. బజుల్లా రోడ్డులో ఎన్టీరామారావు గారి ఇల్లు చూపించి, వెనకటి రోజుల్లో తిరుపతిలో గుండ్లు కొట్టించుకున్న జనం బస్సులేసుకుని పొద్దున్నే ఆ గేటు ముందుకొచ్చి ఎలా నిలబడేవారో చెప్పాడు. నేను ఆ ఇల్లు చూసేనాటికే ఆయన హైదరాబాదుకి వెళ్ళి రాజకీయాల్లో పడ్డాడు, ఆ వీధిలో సందడి లేదు. కానీ మామయ్య చెప్పిన తీరుకి ఆ గుండ్లు నాకు ఎండలో మెరుస్తూ కనిపించాయి.

అదే టీనగర్‌కి అత్తయ్యతో వెళితే వేరే ఊరు. పానగల్ రాజా ఎవరో ఆవిడకి అక్కర్లేదు. రంగనాథన్ వీధిలో జనం మధ్య భుజం ముందుకు పెట్టి దారి చేసుకుంటూ వెళ్ళడం, రత్నా స్టోర్స్‌లో స్టీలు గిన్నెని వేలితో కొట్టి మోత వినడం, కొనని చీరల్ని కూడా నల్లి పట్టుచీరల కొట్లో పది నిమిషాలు నిమిరి రావడం. పాండీబజారులో పేవ్‌మెంట్ మీద రబ్బరుబ్యాండ్లు, పిన్నులు, నైటీలు. బేరం అరవంలో మొదలుపెట్టేది. కొట్టువాడు తగ్గకపోతే నావైపు తిరిగి, "పోదాం పదరా, వీడు దొంగ" అని తెలుగులో అనేది. వాడు వెంటనే తెలుగులోనే "అమ్మా, ఏం ఇస్తారో చెప్పండమ్మా" అనేవాడు. టీనగర్లో రహస్యంగా తిట్టడానికి తెలుగు పనికిరాదు.

మద్రాసు బస్సు గురించి చెప్పకపోతే ఈ పేటలు ఒకదానికొకటి అతకవు. అప్పటి పల్లవన్ బస్సులో కండక్టరు మన కండక్టర్లలా జనాన్ని తోసుకుంటూ తిరగడు. వెనక తలుపు దగ్గర తన సీట్లో కూర్చుంటాడు. మనమే డబ్బులు వెనక్కి పంపాలి. నేను చిల్లర తీసి పక్కనున్న ఆవిడ చేతిలో పెడితే, ఆవిడ వెనక్కి చూడకుండానే వెనకాయన చేతిలో పెట్టేది. ఆయన ఇంకొకాయనకి. "రెండు లజ్", అంటే లజ్ స్టాపుకి రెండు టికెట్లు, అన్న మాట నోటి నుంచి నోటికి వెళ్ళి, కాసేపటికి రెండు టికెట్లు, వాటితోపాటు మిగతా చిల్లర, అన్ని చేతులూ దాటుకుని నా చేతికొచ్చేవి. పైసా తగ్గదు. మొదట్లో నేను ఆ డబ్బులు వెళ్ళిన దారినే మెడ తిప్పి చూస్తూ టెన్షన్ పడేవాణ్ణి. రెండో ఏడాదికి నేనూ వెనక్కి చూడకుండా చెయ్యి చాచడం నేర్చుకున్నాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళ డబ్బులు రోజంతా నా అరచేతిలోంచి నడిచేవి. ఆ ఊళ్ళో నేను చుట్టపుచూపుగా వచ్చినవాణ్ణన్న సంగతి నాకు గుర్తుండనిది ఆ బస్సులోనే.

12బి ఎక్కితే ఒకవైపు వడపళని, ఇంకోవైపు మైలాపూరు. రెండూ మాకు యాత్రాస్థలాలే. వడపళనికి నా మొక్కు సినిమా స్టూడియోలు కాదు. విజయా వాహినీ గేట్లు, ఏవీఎం గుండ్రటి గోళం బయటినుంచే చూశాను, అక్కడ గంటల తరబడి నిలబడే జనంలో ఎక్కువమంది మనవాళ్ళే. నేను చూడాలనుకున్నది చందమామ బిల్డింగ్స్. వడపళని, మద్రాసు 600 026. తెలుగునాట చదువుకునే ఏ పిల్లవాడికైనా సొంత ఇంటి పిన్‌కోడు తెలియకపోయినా ఆ పిన్‌కోడు తెలుసు. ఫోటో వ్యాఖ్యల పోటీకి కార్డులు రాసి రాసి నోటికొచ్చేసింది. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రిక అప్పటికి డజను భాషల దాకా పాకింది. నా లెక్క ప్రకారం అక్కడ ఒక కోట, దాని మీద బేతాళుడు వేలాడే చెట్టు ఉండాలి. ఉన్నది ఒక మామూలు ఆఫీసు, లోపలినుంచి మిషన్ల చప్పుడు, సిరా వాసన. మామయ్య ప్రెస్సు మనిషి కదా, గేటు బయట నిలబడి ఆ చప్పుడు విని, అది ఏ రకం మిషనో చెప్పి సంతోషించాడు. నేను కాస్త నీరసపడ్డాను గానీ, కావలి వెళ్ళాక మాత్రం లోపలికి వెళ్ళి టీ తాగొచ్చినంత చెప్పుకున్నాను.

మైలాపూరులో మామయ్య గొంతు తగ్గేది. లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కు, అంటే మన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరున వెలసింది. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ డబ్బుతో ఆంధ్రపత్రిక నడిపి, 1914లో దాన్ని మద్రాసుకి తెచ్చి దినపత్రిక చేసిన మనిషి. ఆయన ఇల్లు శ్రీబాగ్ కూడా ఆ చుట్టుపక్కలే. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒప్పందం రాసుకున్నది అక్కడే. పార్కు బెంచీ మీద ముసలివాళ్ళు వేరుశనక్కాయలు తింటుంటే మామయ్య నాకు శ్రీబాగ్ ఒప్పందం షరతులు చెప్పేవాడు. నా చూపు వేరుశనక్కాయల మీద.

అక్కణ్ణించి రాయపేట హైరోడ్డు, 126వ నంబరు. బులుసు సాంబమూర్తిగారి ఇల్లు. పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చేసింది ఆ ఇంట్లో. 1952 అక్టోబరు 19న మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి పోయారు, 58 రోజులు. మామయ్య చెప్పులు విప్పి లోపలికి వెళ్ళేవాడు. దీక్ష నాటికి మామయ్య కుర్రాడు. శవయాత్ర గురించి, ఆ తర్వాత నెల్లూరు, కావలి వైపు రైళ్ళు ఆగిపోవడం గురించి, కాల్పుల గురించి తనకి తెలిసింది చెప్పేవాడు. ఒక మనిషి ఆకలితో అన్ని రోజులు ఒకే గదిలో పడుకుని, బయట రోడ్డు మీద వెళ్ళే రిక్షాల చప్పుడు వింటూ ఉన్నాడన్న విషయం నాకు ఆ రోడ్డు మీద నిలబడినప్పుడే ఎక్కింది, సోషల్ పుస్తకంలో ఎక్కలేదు. ఇంటికొచ్చాక మామయ్యకి ఆకలి ఎక్కువయ్యేది. అత్తయ్య మారు వడ్డిస్తూ, "అన్నం మానేసిన మహానుభావుడి ఇంటికి వెళ్ళొచ్చిన రోజే ఈయనకి రెండింతలు కావాలి" అనేది.

మైలాపూరు మాడవీధుల్లో సాయంత్రం నడుస్తుంటే ఏదో ఒక ఇంట్లోంచి పిల్లలు సంగీతం సాధన చేస్తున్న గొంతులు వినపడేవి. త్యాగరాజ కృతి. పాడే పిల్లకి తెలుగు ముక్క రాదు, పాట మొత్తం తెలుగు. మామయ్య కిటికీ కింద ఆగి, మాట విరిచిన చోటల్లా పెదాలు కదిపి దిద్దేవాడు. ప్రూఫురీడరు బుద్ధి.

ట్రిప్లికేన్ అంటే తిరువళ్ళిక్కేణి. పార్థసారథి గుడిలో మూలవిరాట్టుకి మీసాలు. భీష్ముడి బాణాల గాయాలని చెప్పే మచ్చలు ఉత్సవమూర్తి మొహం మీద. బయటికొస్తే రత్నా కేఫ్‌లో ఇడ్లీ మీద సాంబారు చెంబుతో పోసేవాళ్ళు, ఇడ్లీ మునిగేదాకా. ఆ వీధుల నిండా మాన్షన్లు, అంటే ఊరుగాని ఊళ్ళో ఉద్యోగాలు చేసుకునే బ్రహ్మచారుల గదులు, కిటికీలకి ఆరేసిన బనియన్లు. పెళ్ళికి ముందు మామయ్య ఉన్నది అక్కడే. ఆ పేట గురించి ఆయన చరిత్ర ఏమీ చెప్పలేదు, గబగబా దాటించేసేవాడు. ఎందుకో అత్తయ్యకి తెలుసు, నాకు చెప్పలేదు.

అక్కణ్ణించి మెరీనా ఎంతో దూరం కాదు. నలుగురు మనుషులు బండని పెకలిస్తున్న శ్రమజీవుల విగ్రహం దగ్గర ఆగాం. దేవీప్రసాద్ రాయ్‌చౌదురి చేసింది. "చౌదురి అని ఉంది గానీ మనవాడు కాదురా, బెంగాలీ" అన్నాడు మామయ్య, కొంచెం బాధగానే. కొత్త లైట్‌హౌస్ 1977లో వచ్చింది, అప్పట్లో లిఫ్టులో పైకి వెళ్ళనిచ్చేవాళ్ళు. అంతకుముందు దీపం హైకోర్టు గోపురం మీద ఉండేదట. పైనుంచి చూస్తే ఊరు ఎక్కడికక్కడ చెట్లల్లో దాక్కుని, ఎల్ఐసీ మేడ ఒక్కటే మెడ ఎత్తి నిలబడింది. 14 అంతస్తులు. దాన్ని చూసి రావడమే అప్పట్లో మా ఊళ్ళో ఒక గొప్ప.

జార్జిటౌన్ మామయ్య సొంత రాజ్యం, ఆఫీసు అక్కడే కాబట్టి. తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, గోవిందప్ప నాయకన్ వీధి. వీధి పేరు చివర చెట్టి, నాయకుడు కనిపిస్తే చాలు, ఆయన వెంటనే మన లెక్కలో రాసుకునేవాడు. తంబుచెట్టి వీధిలో కాళికాంబాళ్ గుడి, దాని గోడమీద శివాజీ వచ్చి మొక్కాడన్న బొమ్మ. శివాజీని వదిలిపెట్టాడు. వీధికో సరుకు. గోడౌన్ వీధి గుడ్డలకి, దేవరాజ ముదలి వీధి గాజులకి, అద్దాలకి. తంగసాల వీధి దగ్గరికొస్తే భాష మారిపోతుంది. షావుకారుపేట, అంతా మార్వాడీలు, గుజరాతీలు. వేడి జిలేబీ, పెద్ద గ్లాసులో మీగడ తేలే పాలు. కొత్వాల్ చావడిలో కూరగాయల బజారు, ఆ బురదలో అరటి ఆకులు, కుళ్ళిన క్యాబేజీ తొక్కుకుంటూ వెళితే కన్యకాపరమేశ్వరి దేవస్థానం. మన కోమట్లది. అక్కడ మామయ్య నావైపు చూసిన చూపులో 'ఇప్పుడేమంటావు' అని ఉంది. నేనేమీ అనలేదు, మూటలు మోసేవాళ్ళు అటూ ఇటూ తోసేస్తుంటే మాట్లాడ్డానికి ఊపిరి ఎక్కడ? ఆ బజారు 1996లో కోయంబేడుకి వెళ్ళిపోయింది.

మౌంట్‌రోడ్డు మాత్రం అత్తయ్యదే. ఎండ దంచే మధ్యాహ్నాల్లో ఆవిడకి తెలిసిన ఉపాయం సఫైర్ కాంప్లెక్సులోని బ్లూ డైమండ్. అక్కడ కంటిన్యువస్ షోలు. టికెట్ కొంటే ఎప్పుడైనా వెళ్ళొచ్చు, ఎంతసేపైనా కూర్చోవచ్చు. మేం వెళ్ళేసరికి విలన్ చచ్చిపోయేవాడు. తర్వాత అతను పుట్టేవాడు. ఇంగ్లీషు సినిమా, ఇద్దరికీ ముక్క అర్థం కాదు. ఏసీలో చల్లగా ఆవిడ ఒక కునుకు తీసి లేచి, "ఇంకా కొట్టుకుంటానే ఉన్నారా?" అని అడిగేది.

ఎగ్మోర్ మ్యూజియానికి మామయ్య నన్ను ఏడాదికోసారైనా తీసుకెళ్ళేవాడు. నాకు అక్కడి తిమింగలం ఎముకలు, గాజు బీరువాల్లో సీతాకోకచిలుకలు ఇష్టం. ఆయన నేరుగా అమరావతి శిల్పాల దగ్గరికి. అప్పటి గుంటూరు జిల్లా స్తూపం మీది పాలరాయి లాంటి తెల్ల సున్నపురాళ్ళు, వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి పడవల మీద మద్రాసుకి చేర్పించాడు. కొన్ని లండన్ వెళ్ళాయి, కొన్ని ఇక్కడున్నాయి. ఒక గుండ్రటి ఫలకం ముందు ఆయన నన్ను నిలబెట్టాడు. నలగిరి అనే మదపుటేనుగు వీధిలోకి వచ్చి పడింది. ఒక మనిషిని తొండంతో పట్టేసింది. జనం పరిగెడుతున్నారు, ఒక ఆడమనిషి భయంతో పక్కవాడి మీద వాలిపోయింది, మేడల మీద కిటికీల్లోంచి తలలు తొంగి చూస్తున్నాయి. అదే రాయిలో పక్కనే, అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంది. బ్లూ డైమండ్‌లో కూర్చున్నవాడికి ముందూ వెనకా ఒకేసారి కనపడటం కొత్త కాదు గానీ, ఆ కిటికీల్లోని మొహాలు మాత్రం నన్ను పట్టేశాయి. వీధిలో గొడవైతే మేడ మీంచి చూసే జనం, అచ్చం పాండీబజారు. నేను కిటికీలు లెక్కపెడుతుంటే మామయ్య, "ఇది మనది" అన్నాడు. ఎప్పుడూ అనే మాటే. ఆ ఒక్కచోట మాత్రం నాకు వాదించాలనిపించలేదు.

ఇక మూర్ మార్కెట్. సెంట్రల్ పక్కనే ఎర్ర ఇటుకల భవనం, 1900లో తెరిచింది. అక్కడ దొరకనిది లేదు. చిలకలు, కుక్కపిల్లలు, గ్రామఫోన్ రికార్డులు, దొరల ఇళ్ళల్లోంచి వచ్చిన గడియారాలు, పాత పుస్తకాలు. మామయ్య వెతికేది భారతి సాహిత్య పత్రిక పాత సంచికల కోసం. పుస్తకం చూడగానే మొహంలో ఏ భావమూ కనపడకూడదు, అది మొదటి సూత్రం. కావలసిన దాన్ని వదిలేసి పక్కనున్న దాని ధర అడగాలి, ఖరీదెక్కువని పెదవి విరవాలి, వెళ్ళబోతూ కాలితో చూపించి 'పోనీ అదెంత' అనాలి. కొట్టు సాయిబుకి ఈ నాటకం మొత్తం తెలుసు. ఆయనా ఆవులిస్తూ తన పాత్ర తను నడిపేవాడు. ఒకసారి మామయ్య కింద పేర్చిన కట్టలోంచి అట్టలేని భారతి ఒకటి లాగి, మొదటి పేజీలోనే అచ్చుతప్పు కనిపించి జేబులోంచి పెన్సిలు తీశాడు. సాయిబు అరవంలో, "సార్, కొన్నాక దిద్దుకోండి" అన్నాడు.

1985 మే 30న అది కాలిపోయింది. ఆ ఏడు నేను అక్కడే ఉన్నాను. మర్నాడు మామయ్య ఆఫీసుకని బయల్దేరి పార్క్ స్టేషన్లో దిగిపోయాడు, నేనూ వెంట ఉన్నాను. దగ్గరికి పోనివ్వలేదు. ఎర్ర గోడలు నల్లగా, తడిసిన బూడిద వాసన, రోడ్డు ఇవతల కొట్లవాళ్ళు గుంపులుగా కూర్చుని ఉన్నారు. మామయ్య ఆ గుంపుల్లో మన సాయిబు కోసం చూశాడు, కనపడలేదు. ఆ స్థలంలో ఇప్పుడు లోకల్ రైళ్ళ స్టేషను. కొట్లవాళ్ళకి తర్వాత పక్కనే అల్లికుళంలో చోటిచ్చారు. మామయ్య అటు వెళ్ళగా నేను చూడలేదు.

ఉద్యోగంలో పడ్డాక నా రాకపోకలు తగ్గాయి. 1996లో ఊరి పేరు చెన్నై అయింది. చెన్నప్ప నాయకుడి పేరే కదా, అది కూడా మనదేనని మామయ్య సంబరపడ్డాడు. అదే ఏడు తెలుగుగంగ నీళ్ళు మద్రాసుకి తాగునీళ్ళిచ్చే పూండి జలాశయానికి చేరాయి. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు ఇస్తామని 1976లో ఒప్పుకుంటే, ఇన్నేళ్ళకి. అవి వచ్చేది మా నెల్లూరు జిల్లా కండలేరు నుంచే. నేను చూడటానికి వెళ్ళిన ఆదివారం, రిటైరైన మామయ్య వరండాలో కుర్చీ వేసుకుని పోర్షన్లవాళ్ళందరికీ అదే చెబుతున్నాడు. మద్రాసంతా ఇక మన నీళ్ళే తాగాలి, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

అత్తయ్య ప్లాస్టిక్ బిందె తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది.

"మీవేగా. లారీ వచ్చింది, వీధి చివర క్యూ ఉంది. వెళ్ళి అడిగి పట్టుకురండి."